పలకని పలకలు

"కప్పు ఊగుతోందంట బావా."

మా వెంకటప్పయ్య బావ ఈ మాట అనేటప్పటికి నా చేతిలోనూ ఒక కప్పు ఉంది. బెంజ్ సర్కిల్ పక్క సందులో టీకొట్టు, ఉదయం తొమ్మిదిన్నర. ఊగేది కప్పు కాదు బావా, నా చెయ్యి, అందామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూశాను. రంగులు వేయకముందు కొండపల్లి బొమ్మ ఎలా ఉంటుందో అలా ఉంది ఆ మొహం. ఆయనది కొండపల్లే లెండి. వాళ్ల నాన్న బొమ్మలు చెక్కి బతికాడు. ఈయన నాతో కలిసి ఇళ్లకి పైకప్పులు అతికి బతుకుతున్నాడు. మా ఆవిడ శ్రీదుర్గకి సొంత అన్న.

"ఎవరి కప్పు?"

"పాటల టీచరమ్మగారిది. మొన్న శ్రావణంలో పటమటలో వేశాం చూడు, ఆ హాలు. ఇప్పుడే ఫోన్ చేశారు. కప్పు ఊగుతోంది, వెంటనే రండి అన్నారు."

టీ పారబోసి బండి తీశాను.

మేం వేసేది ఫాల్స్ సీలింగు. పేరులో అబద్ధం ఉన్నా నిజాయితీగా చేయాల్సిన పని ఇదొక్కటేనని ఇరవై రెండేళ్లుగా కనపడ్డవాడికల్లా చెబుతున్నాను. మొదట్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పారిస్ చూడలేదు గానీ దాని పిండి బోలెడు పీల్చాం. తర్వాత జిప్సం. పదేళ్లుగా పీవీసీ పలకలు. ఒక్కోటి పది అంగుళాల వెడల్పు. ఒక అంచుకి నాలుక ఉంటుంది, ఇంకో అంచుకి గాడి ఉంటుంది. దీని నాలుక దాని గాడిలోకి దూరి 'టక్' మనాలి. ఆ టక్కుని మేం పలుకు అంటాం. పలక పలకాలి. పలికితే కూర్చున్నట్టు. పలక్కపోయినా కంటికి కూర్చున్నట్టే కనపడుతుంది, అదే ప్రమాదం.

అందుకని నేనో పద్ధతి పెట్టాను. పన్నెండడుగుల పలకని ఆ చివర బావ, ఈ చివర నేను పట్టుకుంటాం. రబ్బరు సుత్తితో తడతాం. ఎవరి చివర పలుకు వినపడితే వాళ్లు "పలికింది" అని అరవాలి. రెండు అరుపులూ అయ్యాకే స్క్రూ బిగింపు.

ఇంకో పద్ధతి కూడా నేనే పెట్టాను. వినపడనివాడు పరంజా ఎక్కకూడదు. మూడేళ్ల కిందట పోరంకిలో రత్తయ్య అని మంచి పనివాడు ఉండేవాడు. పైనుంచి ఇనప ఛానెల్ జారుతుంటే "జరుగు" అని అరిచాను. జరగలేదు. భుజం మీద పడింది. ఆరా తీస్తే అతనికి చెవులు సరిగ్గా పనిచేయట్లేదని తేలింది. కట్టు కట్టించి ఆ సాయంత్రమే పంపించేశాను. పంపించి ఊరుకుంటే నేను హనుమయ్యని ఎందుకవుతాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఊదొచ్చు గానీ, చెవిటివాడితో పరంజా మీద నిలబడకూడదు" అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇవాళ్టికీ నా కళ్లముందుంది.

సరే, పటమట చేరాం. గేటు దగ్గరే గొంతెత్తాను. నా గొంతు సంగతి చెప్పాలి మీకు. నేను బెంజ్ సర్కిల్లో పిలిస్తే ఆటోనగర్‌లో పలుకుతారని మావాళ్లంటారు. "టీచరమ్మగారి కప్పు దిగిపోతోంది, అందరూ దిగండి" అన్నాను. ప్రాస బాగానే కుదిరింది. కుదరకపోయినా బావుండేది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ సాంబశివరావు గారు, రిటైరైన లెక్చరర్, దాన్ని ఆవిడ ఉండే మూడో అంతస్తే దిగిపోతోందని అర్థం చేసుకుని ఇంటింటి బెల్లూ కొట్టారు. అయిదు నిమిషాల్లో పదిహేను ఇళ్లూ రోడ్డున పడ్డాయి. ఒకాయన సగం గడ్డం నురగతో వచ్చాడు. ఒకావిడ తిరగమోత గరిటెతో వచ్చింది. రెండో అంతస్తు అమలమ్మ గారిని ప్లాస్టిక్ కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆవిడ మాత్రం పల్లకీ ఎక్కినంత సంబరంగా ఉన్నారు.

అందరికంటే ఆఖరున టీచరమ్మ జ్ఞానప్రసూనాంబ గారు దిగారు. చంకలో శ్రుతిపెట్టె, వెనక నలుగురు ఆడపిల్లలు.

"ఎవరింట్లో ఏమైంది?" అన్నారావిడ.

"మీ ఇంట్లోనే కదండీ. కప్పు ఊగుతోందన్నారటగా."

"ఊగుతోందని ఎవరన్నారు? మోగుతోంది అన్నాను. మో-గు-తోం-ది." పిల్లలకి స్వరం దిద్దినట్టు దిద్దారు.

పదిహేను ఇళ్లవాళ్లూ మా ఇద్దరి వంక చూశారు. నేను గలగలా నవ్వేశాను. "మా బావ చమత్కారి అండీ. ఉన్నమాట ఉన్నట్టు ఏనాడూ వినడు" అన్నాను. కొందరు నవ్వారు. నురగ గడ్డం ఆయన నవ్వలేదు. సాంబశివరావు గారు అసలే నవ్వలేదు.

"చమత్కారానికి ఇంతమందిని ఎండలో నిలబెడతారటండీ? నాకు సంజాయిషీ కావాలి. వెళ్లేలోపు వీళ్లందరి ముందూ చెప్పి వెళ్లాలి."

"పని చూసుకొచ్చి చెబుతానండీ" అన్నాను. చెప్పడానికి ఏముంది, ఇంకో నాలుగు చమత్కారాలు కలిపితే సరిపోతుందనుకున్నాను.

బావ చమత్కారాలకి మా పరిశ్రమలో పెద్ద పేరు. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు వంగి "పప్పు వేయనా" అంటే, "కప్పు వేయాలా? ముందు కొలతలు చూడాలి" అన్నాడు. పంక్తి పంక్తంతా విస్తళ్ల మీదికి ఒరిగిపోయింది. ఒకింట్లో "గోడ తడిసింది" అంటే "దూడ తడిస్తే లోపల కట్టేసుకోండి" అన్నాడు. ఒకసారి జలుబుతో గొంతు పూడిపోయి నేను "మా ఆవిడ రెండ్రోజుల్నుంచి నీరసంగా ఉంది బావా" అంటే, "అది నా చెల్లెలు. సరసంగా ఉంటే నాకు చెబుతావేంటి" అన్నాడు. నేను ఈ కబుర్లన్నీ ఊరూరా మోశాను. మాటలతో ఆడుకునే నాకు ఆడుకోవడానికి ఇంకో మనిషి దొరికాడని మురిసిపోయాను. అంతకు ముందు ఇరవై ఏళ్లూ నోరు విప్పని మనిషికి ఈ రెండేళ్లలోనే ఇంత చమత్కారం ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

పైకి వెళ్లాం. హాలు పన్నెండడుగులు ఇంటూ పద్నాలుగు. తెల్లటి పలకలు పదిహేడు, కిటికీ గోడ నుంచి వంటింటి గోడ దాకా. ఎక్కడా ఊగడం లేదు. కళ్లకి కడిగిన ముత్యంలా ఉంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూడ్డానికి కాదండీ, వినడానికి పిలిచాను" అని టీచరమ్మగారు చాప మీద కూర్చుని శ్రుతిపెట్టె పెట్టుకున్నారు. పిల్లలు వెనక కూర్చున్నారు. షడ్జమం పాడారు. ఏమీ లేదు. పంచమం అందుకున్నారు. కళ్లు పైకెత్తి, గొంతు అలాగే ఆపి ఉంచి, చేత్తో పైకి చూపించారు.

"వినపడుతోందా? జుయ్‌మని."

నేను బావ వంక చూశాను. బావ తలూపుతున్నాడు. సరే, ఉందన్నమాట. "ఆఁ, స్పష్టంగా" అన్నాను.

"ఏ వైపు నుంచి?"

బావ కిటికీ వైపు చూపించాడు. అదే క్షణంలో నేను వంటింటి వైపు చూపించాను. ఒకమ్మాయి నోటికి నోటుపుస్తకం అడ్డం పెట్టుకుంది.

"నట్టనడిమి నుంచండీ" అన్నారు టీచరమ్మగారు నెమ్మదిగా. "ఈ పిల్లలందరికీ వినపడుతోంది. వారం నుంచి పాఠం సాగట్లేదు. మేం పంచమం పట్టుకుంటే అదీ పట్టుకుంటోంది."

"మీ సావాసం వల్ల కప్పుకీ సంగీతం అబ్బిందండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి, తర్వాత బావ మొహంలోకి చూశారు. పాఠం అప్పజెప్పకుండా పెదవులు కదిపే పిల్లల్ని ఎన్నేళ్లుగా చూసి ఉంటారో, అలా చూశారు.

పలకల కప్పుకి ఒక గుణం ఉంది. తప్పు నడిమధ్య ఉందని నడిమధ్య పలక ఒక్కటే పీకడానికి లేదు. పక్కదాని నాలుక దీని గాడిలో ఉంటుంది, దీని నాలుక ఆ పక్కదానిలో ఉంటుంది. ఆఖరున వేసినదాన్ని మొదట తీసి, ఒక్కోటే వెనక్కి వెళ్లాలి. అబద్ధాలూ అంతే. మొన్నటి అబద్ధం దగ్గరికి వెళ్లాలంటే ఇవాళ్టిదాన్నుంచి మొదలుపెట్టాలి.

పరంజా కట్టాం. ఆ చివర బావ, ఈ చివర నేను. వంటింటి గోడ వెంబడి అంచుపట్టీ తీశాం. పదిహేడో పలక గోటితో లాగితే వచ్చేసింది. ఆఖరిది, కోసి పెట్టింది, వదులుగానే ఉంటుందిలే అనుకున్నాను. పదహారోది అప్పడంలా అరచేతిలోకి వచ్చింది. గట్టిగా కూర్చున్న పలక అలా రాదు. మారాం చేస్తుంది. పుట్టింటి నుంచి వెళ్లే పిల్లలా నాలుగుసార్లు వెనక్కి లాగుతుంది. పదిహేనోది కాస్త మారాం చేసింది. పద్నాలుగు, పదమూడు, పన్నెండు, మూడూ అప్పడాలే.

కింద టీచరమ్మగారు ఒక్కో పలకా గోడకి ఆనించి పెట్టిస్తున్నారు. పన్నెండోదాన్ని తిప్పి చూశాను, బావ చివరన నాలుక అంచు నున్నగా, కొత్తగా ఉంది. గాడిలో కూర్చున్న నాలుక మీద గీత పడుతుంది. దీని మీద ఏ గీతా లేదు. శ్రావణం నుంచి చైత్రం దాకా, ఎనిమిది నెలలు, ఇది ఒక్కరోజూ గాడిలో లేదు. స్క్రూల మీద, పక్కదాని దయ మీద వేలాడింది. నా చివరనా రెండు అలాగే ఉన్నాయి. అవి మాత్రం ఇప్పుడు లాగడంలో ఊడి ఉంటాయని సర్దిచెప్పుకున్నాను.

"బావా," అన్నాను, "ఇదేంటి?"

ఆయన స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, ఆ నున్నటి నాలుకని వేళ్లతో తడిమాడు. కొండపల్లి వేళ్లు అవి. గోరంత ఏనుగుకి వెంట్రుకంత తొండం అతికించిన వేళ్లు.

"ఏదీ కూర్చోలేదు బావా. అరిచావుగా. ప్రతిదానికీ పలికింది, పలికింది అని అరిచావుగా."

బావ పరంజా బల్ల మీద కూలబడ్డాడు.

"నాకు పలుకు వినపడదు బావా" అన్నాడు. "రెండేళ్లయింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కరు విజిలు. తర్వాత పలుకు. గుంటూరులో చూపించుకున్నా. డ్రిల్లు మోత వల్ల నరం చచ్చింది, మళ్లీ రాదన్నాడు డాక్టరు. మనుషుల మాటలు సగం వినపడతాయి. మిగతా సగం నేనే అతుక్కుంటా. అతుకు కుదిరితే సరే. కుదరకపోతే అందరూ నవ్వుతారు. మా బావ చమత్కారం అంటావు నువ్వు. పోనీ, అలాగే అనుకోనీ అనుకున్నా."

పప్పు. కప్పు. గోడ. దూడ. పంక్తిలో అందరితోపాటు నవ్వుతూ, ఎందుకు నవ్వుతున్నారో తెలియక అటూ ఇటూ చూసిన ఆయన కళ్లు అప్పుడు గుర్తొచ్చాయి నాకు.

"చెవికి మిషను పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకుంటే కనపడుతుందిగా. కనపడితే పరంజా ఎక్కనిస్తావా? రత్తయ్యకి ఏం చెప్పావో నేను అక్కడే ఉన్నాగా. అది పూర్తిగా వినపడింది నాకు. యాభై ఏడేళ్లొచ్చాయి బావా. బొమ్మలు మానేసి వచ్చా. ఇది మానేస్తే ఎక్కడికి పోవాలి?"

"మరి నాతో రోజూ మాట్లాడుతున్నావుగా."

"నీ గొంతు వినపడుతుంది. ఈ ఊళ్లో నాకు మొత్తంగా వినపడే మాట నీదొక్కటే."

నాకు కోపం వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట కోపం రావడం నాకు అలవాటు. "మరి పలికిందని ఎలా అరిచావయ్యా?"

"నీ నోరు చూసి. నువ్వు నోరు తెరవగానే నేనూ అరిచేవాణ్ణి. నీ చివర పలికిందంటే నా చివరా పలికే ఉంటుంది అనుకునేవాణ్ణి."

నేనేదో అనబోయాను. కానీ లోపల ఎక్కడో ఒక స్క్రూ వదులైంది. నా నోరు చూసి ఆయన అరిచాడు. బాగానే ఉంది. మరి నేనెప్పుడు అరిచాను? పలుకు వినా? ఆయన పెదవులు కదిలాకా?

"ముందు ఇది సరిచేద్దాం. పలక పట్టుకో" అన్నాను. తొమ్మిదో పలక దాకా తీసేసి, గాడి తుడిచి, దాన్ని మళ్లీ ఎత్తాం. నాలుక గాడికి ఆనించాను. బావకి వద్దని సైగ చేసి, నేనే సుత్తితో తట్టాను. చెవి దగ్గరగా పెట్టి తట్టాను. పలకలేదు. ఇంకోసారి తట్టాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా.

"హనుమయ్య గారూ" అన్నారు టీచరమ్మగారు కింద నుంచి. ఆవిడ పిలుస్తున్నట్టు బావ నాకు సైగ చేశాడు. నాకు ఎదురుగా ఉన్నది ఆయన, ఆవిడ నా వెనక ఉన్నారు.

"ఇంకా ఎందుకు కొడుతున్నారు?" అంటున్నారు. "మొదటి దెబ్బకే పలికిందిగా."

పిల్లలు నలుగురూ తలలూపారు. నలుగురూ విన్నారు. తొమ్మిదడుగుల కింద చాప మీద కూర్చున్నవాళ్లు విన్నారు. జానెడు దూరంలో చెవి పెట్టినవాణ్ణి నేను వినలేదు.

సుత్తి పక్కన పెట్టాను. గదిలో ఇంకేం చప్పుళ్లు ఉన్నాయో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఫ్యాను తిరుగుతోంది, దానికి చప్పుడు ఉండే ఉంటుంది. కిటికీలో పిచ్చుక ముక్కు తెరిచి మూస్తోంది. సినిమాలో మాటలు ఆగిపోయి బొమ్మ మాత్రమే నడిచినట్టుంది. ఎప్పటినుంచి ఇలా ఉందో నాకు తెలియదు. శ్రీదుర్గ రోజూ అంటుంది, పక్కనే ఉన్నాగా, ఎందుకలా అరుస్తారు అని. టీవీ మోతకి పక్కింటివాళ్లు గోడ తట్టారని చెబితే, గోడకి కూడా మన సీరియల్ నచ్చిందేమో అన్నాను. గొంతు పెద్దదని గర్వపడ్డాను. పెద్దదైంది గొంతు కాదు. చిన్నదైంది చెవి.

బావ నా వంకే చూస్తున్నాడు. ఆయనకి అర్థమైంది. నోటితో అడగలేదు. కళ్లతో అడిగాడు, నువ్వు కూడానా అని.

"నీ నోరు చూసి అరిచేవాణ్ణి బావా" అన్నాను. "నీ చివర పలికిందన్నావుగా అని."

నాలుకా గాడీ అనుకున్నాను మా ఇద్దర్నీ. రెండూ గాడులే. నాలుక లేదు మధ్యలో. ఒకదాన్నొకటి పట్టుకుని ఇన్నాళ్లు వేలాడాయి. ఒకరి అబద్ధానికి ఒకరం సాక్ష్యం, ఎదుటివాడిది అబద్ధమని ఇద్దరికీ తెలియదు.

కళ్లముందు కప్పులు కదిలాయి. మైలవరంలో ఫంక్షన్ హాలు. కొండపల్లిలో చిన్నపిల్లల బడి గది. ఈ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల నాలుగు బట్టల కొట్లు, ఒక పురుళ్ల ఆసుపత్రి. రెండేళ్లలో ఎన్ని కప్పులు, ఒక్కో దానిలో ఎన్ని పలకలు. వాటి కింద పిల్లలు పడుకుంటారు, పెళ్లివాళ్లు తలంబ్రాలు పోసుకుంటారు. ప్రతి గుమ్మానికీ వెళ్లి చెప్పాలి. చెప్పాక మమ్మల్ని ఎవరు మళ్లీ గుమ్మం ఎక్కనిస్తారు? చెప్పకుండా ఉంటే మేం ఏ కప్పు కింద నిద్రపోతాం?

"వినపడనివాడు పరంజా ఎక్కకూడదు" అన్నాడు బావ. ఎగతాళికి కాదు. పద్ధతి గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. మేమిద్దరం పరంజా మీదే ఉన్నాం.

టీచరమ్మగారు మంచినీళ్లు పంపించారు. మేం తాగాక ఆవిడ చాప మీంచి లేచి నడిమధ్యకి వచ్చి, మా ఇద్దరికీ కనపడేలా నిలబడ్డారు. తాళం వేయబోయినట్టు రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నారు.

"నేను చెవి పెడతాను. మీరు చెయ్యి చూడండి. ఆ చివర పలికితే కుడిచెయ్యి దించుతాను, ఈ చివర పలికితే ఎడమచెయ్యి. రెండూ దించేదాకా కొట్టండి."

అలా వేశాం. తొమ్మిదోది, పదోది, పదకొండోది. ఆవిడ కళ్లు మూసుకుని రెండు చేతులూ ఎత్తి నిలబడతారు. మేం తడతాం. ఒక చెయ్యి దిగుతుంది. రెండో చెయ్యి దిగుతుంది. స్క్రూ బిగిస్తాం. ఇన్నేళ్ల మా పనిలో ఇంత నిశ్శబ్దంగా, ఇంత సరిగ్గా ఎప్పుడూ వేసి ఉండం. ఎవరూ "పలికింది" అనలేదు. పదమూడో పలక దగ్గర బావ కళ్లు తుడుచుకున్నాడు. పొడి పడిందేమో అన్నాను. పీవీసీకి పొడి ఉండదు. నేనన్న మాట ఆయనకి వినపడే ఉంటుంది, నా గొంతు కదా. తర్వాతి పలక అందుకున్నాడు.

ఆఖరి పలక, అంచుపట్టీ అయ్యాయి. ఆవిడ శ్రుతిపెట్టె పెట్టి పంచమం పాడారు. పిల్లలు కూడా పాడారు. వాళ్ల మొహాలు చూసి తెలుసుకున్నాం, కప్పు నోరు మూసుకుందని. పైన పలకలన్నీ కుదురుగా ఉన్నాయి. కింద పాట ఉందని తెలుస్తోంది, లీలగా. పాటలో సన్నటి మాటలన్నీ ఎక్కడో రాలిపోయి, మొద్దు శబ్దాలు మాత్రం నా దాకా వస్తున్నాయి. ఇంతకాలం సంగీతం అంటే అంతేననుకున్నాను.

పరంజా విప్పాం. బల్లలు మోసుకుంటూ దిగాం. ఇద్దరిలో ఎవరమూ మళ్లీ వాటిని ఎక్కబోమని ఇద్దరికీ తెలుసు. అవి మామూలు కంటే బరువుగా ఉన్నాయి.

కింద సాంబశివరావు గారు అన్నమాట ప్రకారం కాచుకుని ఉన్నారు. మెట్ల మీద, మెట్ల కింద, ఉదయం దిగినవాళ్లలో చాలామంది ఉన్నారు. గడ్డం ఆయన రెండో సగం కూడా గీసుకుని వచ్చాడు. అమలమ్మ గారి కుర్చీ లిఫ్టు పక్కన వేశారు. మా వెనకే టీచరమ్మగారు, పిల్లలు దిగి ఆగారు.

"ఊఁ, చెప్పండి" అన్నారు సాంబశివరావు గారు. అన్నారనే అనుకుంటున్నాను, గడ్డం పైకెగరేశారు కాబట్టి.

నాలుకకి అలవాటైన చమత్కారాలు నాలుగైదు వరుసకట్టి వచ్చాయి. వాటిని మింగాను. బల్ల దించి, నెమ్మదిగా మాట్లాడాలని చూశాను. ఎంత నెమ్మదో నాకు తెలియలేదు. అమలమ్మ గారు చెయ్యి చెవి దగ్గర పెట్టుకునేసరికి మళ్లీ పెంచాను.

"టీచరమ్మగారు ఫోన్లో మోగుతోంది అన్నారండీ. మా బావకి ఊగుతోంది అని వినపడింది. ఆయన చమత్కారం చేయలేదు. ఆయనకి చెవులు పోయాయి, రెండేళ్లయింది. నేను పరంజా దింపేస్తానని భయపడి చెప్పలేదు. అలా భయపడేలా మాట్లాడినవాణ్ణి నేనే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆయన మాటలు చెప్పి నేను మిమ్మల్నందర్నీ నవ్వించి ఉంటాను. అవి కూడా చమత్కారాలు కావండీ. సగం వినపడక అతుక్కున్న మాటలు. నాకు వినపడి ఉంటే నేనే కనిపెట్టేవాణ్ణి. నాకూ వినపడదు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. పైన కప్పు ఇప్పుడు గట్టిగా ఉంది, టీచరమ్మగారు విన్నారు. మేం వేసిన మిగతా కప్పులున్నాయి. రేపట్నుంచి ఒక్కో ఇంటికీ వెళ్లి చెబుతాం. మిమ్మల్ని ఎండలో నిలబెట్టినందుకు క్షమించాలి."

గరిటె ఆవిడ కొంగు నోటికి పెట్టుకుంది.

సాంబశివరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మా ఇద్దర్నీ చూస్తూ ఏదో అడిగారు. ప్రశ్నే, కనుబొమలు పైకి లేచాయి. మెత్తగా అడిగారు. మెత్తగా అడిగినవాళ్లే ఇప్పుడు మాకు కష్టం.

ఏమన్నారో తెలుసుకోవడానికి నేను బావ మొహంలోకి చూశాను. బావ అప్పటికే నా మొహంలోకి చూస్తున్నాడు.